రెండు కార్బురేటర్ల మేనిఫోల్డు

1932వ సంవత్సరము మార్చి నెలాఖరున, అమెరికా దేశము ఆర్థికమాంద్యముచే కృశించి, ఉద్యోగములు పోయిన జనము పట్టణవీధులలో రొట్టెకై బారులుతీరి నిలుచుచుండిన దినములలో, హెన్రీ ఫోర్డు ఎనిమిది సిలిండర్ల మోటారుకారును సామాన్యుడు కొనదగిన వెలకు అంగడిలో పెట్టెను. వి ఆకారమున, ప్రక్కకు నాలుగేసి సిలిండర్లుగా రెండు వరుసలు గల ఇంజను అప్పటికి క్రొత్తది కాదు. కాడిలాక్ సంస్థవారు 1914లోనే అట్టిదానిని తయారుచేసి అమ్మిరి; కాని అది కలవారి వాహనము. ఫోర్డు సాధించినది వేరు. రెండు వరుసలను, వాని క్రింది క్రాంకుపెట్టెను విడివిడిగా పోసి బోల్టులతో కూర్చుటకు మారుగా, అన్నిటిని ఏకఖండముగా పోత ఇనుముతో పోయించి, ఆ కష్టసాధ్యమైన పోతను కర్మాగారపు నిత్యకృత్యముగా చేయించుట ఆయన చేసిన సాహసము. ఎడిసన్ పూర్వము ఫ్లోరిడాలో వాడుకొనిన ప్రయోగశాలను ఫోర్డు డియర్‌బోర్నుకు తరలించి నిలిపియుండగా, ఆ కట్టడములోనే ముగ్గురు నలుగురు ఇంజనీర్లు రహస్యముగా ఈ ఇంజను నమూనాలను గీచిరి. ఫోర్డు వారి రూజ్ కర్మాగారమున ఆయన అనుచరుడు చార్లెస్ సోరెన్సన్ పోతపనికి పూనుకొనగా, తొలుత పోసినవానిలో చాలభాగము చెడి మరల కొలిమి పాలయ్యెను. తుదకు నిలిచినది 221 ఘనపుటంగుళముల ఇంజను; దాని శక్తి 65 అశ్వబలము.

ఆ ఇంజను నడినెత్తిన, రెండు వరుసల నడిమి పల్లమును కప్పుచు బల్లపరుపుగా కూర్చుండు పోతభాగమొకటి కలదు. దానిని ఇన్‌టేక్ మేనిఫోల్డు అందురు. పైనుండు కార్బురేటరు పెట్రోలును తుంపరలుగా చేసి గాలిలో కలుపగా, ఆ మిశ్రమమును ఎనిమిది సిలిండర్లకును పంచిపెట్టుట దాని పని. కదలునది దానిలో ఏమియు లేదు. అది గొట్టముల సముదాయము మాత్రమే. కావున సాధారణముగా మోటారుకార్లను గూర్చి వ్రాయువారు దీనిని ఒక వాక్యముతో దాటిపోవుదురు. కాని కృష్ణా గోదావరి డెల్టాల రైతునకు దీని ప్రాముఖ్యము వెంటనే బోధపడును. పెద్దకాలువ తూమువద్ద నీరెంత నిండుగానున్నను, పంటబోదెలు వంకరటింకరగానుండి వంతులు తప్పినచో తలచేను మునుగును, కొసచేను ఎండును. ఇచట చేలు ఎనిమిది. క్రాంకు నిమిషమునకు మూడువేలసార్లు తిరుగునప్పుడు ఒక్కొక్క సిలిండరునకు నిమిషములో పదునైదువందలసార్లు వంతు వచ్చును. ఆ వంతుల క్రమము 1, 5, 4, 8, 6, 3, 7, 2.

ఈ క్రమములో క్రాంకు ప్రతి తొంబది డిగ్రీలకు ఒక సిలిండరు గాలి పీల్చుచుండును. ఒకదాని పీల్పు ముగియకమునుపే రెండవదాని పీల్పు ఆరంభమగుటచే, అన్నియు ఒకే గొట్టమును ఆశ్రయించినచో ఒకటి మరొకదాని నోటిలోనిది లాగుకొనును. 1934లో ఫోర్డు ఇంజనీర్లు దీనికి పరిహారముగా మేనిఫోల్డు లోపలి మార్గమును రెండుగా విభజించి, ఒక్కొక్క మార్గమునకు నాలుగేసి సిలిండర్లను, అందును వరుసగా రాక ఒకటి విడిచి ఒకటి వచ్చువానిని కేటాయించిరి. అప్పుడు ఒక్కొక్క మార్గమున పీల్పునకును పీల్పునకును నడుమ నూట ఎనుబది డిగ్రీల ఎడము దొరకెను. దానిపై రెండు నోళ్లుగల స్ట్రామ్‌బర్గ్ కార్బురేటరును నిలుపగా అశ్వబలము 85కు పెరిగెను. సిలిండరు ఒక్క వెంట్రుకవాసియైనను పెరుగలేదు.

అయినను కర్మాగారపు మేనిఫోల్డు ఒక రాజీ. పెట్రోలు తుంపర చల్లని గోడను తాకినచో మరల ద్రవమై అడుగున జారును. అందుచే ఇంజను వదలు వేడిపొగలో కొంతభాగమును మేనిఫోల్డు అడుగున ప్రత్యేకించిన దారిగుండ నడిపించి, కార్బురేటరు క్రింది గోడను వెచ్చబరచుచుండిరి. మిషిగన్ మంచులో తెల్లవారుజామున పాలబండి తోలువానికి ఇది వరము. కాని వేడెక్కిన మిశ్రమము వ్యాకోచించును, వ్యాకోచించినది సిలిండరులో తక్కువగా పట్టును, తక్కువ పట్టినచో బలము తగ్గును. చలిలో సులువుగా కదలుట, పెట్రోలు పొదుపు, తయారీఖర్చు తక్కువగుట: ఈ మూటికిని లోబడి బలమును కొంత వదలుకొనిన వస్తువది.

ఈ రాజీ లాస్ ఏంజిలిస్ కుర్రవారికి రుచింపలేదు. ఆ నగరమునకు ఉత్తరమున, కొండల కావల, మొహావీ ఎడారిలో మ్యూరాక్, రోజమండ్, హార్పర్, ఎల్ మిరాజ్ అను ఎండుచెరువులు కలవు. అరుదుగా కురియు వాననీరు నిలిచి ఇంకిపోగా, మైళ్లకొలది మెట్టపల్లములు లేని మట్టినేల తేలును. శనివారము రాత్రి మరమ్మతు దుకాణములు మూయగానే కుర్రవారు తమ బండ్లనే తోలుకొని అచటికి పోయి, తెల్లవారిన పిమ్మట మడ్‌గార్డులు, దీపములు, అద్దము ఊడబెరికి, ఆ నేలపై వేగము కొలుచుకొని, మరల అన్నియు బిగించుకొని సోమవారపు పనికి ఇల్లు చేరుచుండిరి. 1937లో వారి సంఘములు కొన్ని కూడి దక్షిణ కాలిఫోర్నియా టైమింగు సంఘముగా ఏర్పడెను. వారికి ధనము లేదు. పాతయినుము దిబ్బలలో చవుకగా దొరకు ఫోర్డు ఇంజన్లు మాత్రము సమృద్ధిగా నుండెను. 1936లో వచ్చిన స్ట్రామ్‌బర్గ్ 97 కార్బురేటరు కూడ పాతబండ్ల నుండి విరివిగా లభించెను. గాలి సందు వ్యాసము అంగుళములో 0.97 వంతగుటచే దానికా సంఖ్య వచ్చినది. రెండు 97లు పెట్టిన మేలని ప్రతి కుర్రవానికిని తోచెను. కాని రెంటిని నిలుపదగిన మేనిఫోల్డు ఫోర్డు దుకాణమున లేదు. ఆ లోటునుండియే ఒక వృత్తి పుట్టెను.

విక్ ఎడెల్‌బ్రాక్ 1913లో కాన్సాస్ రాష్ట్రపు యుడోరా గ్రామమున జన్మించెను. 1927లో తండ్రి కిరాణా దుకాణము అగ్నికి ఆహుతి కాగా, పదునాలుగేండ్లకే చదువు మాని సంపాదనలో దిగి, మోటారు మరమ్మతు నేర్చి, 1931లో కాలిఫోర్నియా చేరి, కొలదికాలమునకే విల్‌షైర్ బులవార్డులో సొంత దుకాణము తెరచెను. 1938లో కొనిన 1932 నాటి ఫోర్డు రోడ్‌స్టరు ఆయనకు వాహనమును, ప్రయోగశాలయు అయ్యెను. తొలుత టామీ థిక్‌స్టన్ అను నిర్మాతతో కలిసి ఒక మేనిఫోల్డునకు రూపము కూర్చి, దానితో తృప్తి చెందక, రెండు 97లను దూరదూరముగా నిలిపి, నూట ఎనుబది డిగ్రీల పద్ధతిని విడువక, తానే వేరొకదానిని గీచి పోయించెను. స్లింగ్‌షాట్ అని ప్రసిద్ధిగాంచిన మేనిఫోల్డు అదియే. యుద్ధమునకు పూర్వము పోసినవి సుమారు నూరు మాత్రమే. 1941 నవంబరు 16న రోజమండ్ ఎండుచెరువుపై ఆ రోడ్‌స్టరు గంటకు 121 మైళ్లు దాటెను. మూడువారములకు పెరల్ హార్బరుపై బాంబులు పడినవి.

ఎడెల్‌బ్రాక్ ఒక్కడే కాదు. ఫిల్ వైయాండ్ అనునాతడు మ్యూరాక్‌లో జరిగిన ప్రమాదమున కాళ్లు చచ్చుబడినను, చక్రాల కుర్చీనుండియే మేనిఫోల్డులు చేయించి అమ్మెను. ఎడ్డీ మేయర్, అనంతరకాలమున బార్నీ నవారో, ఎర్ల్ ఎవాన్స్ మున్నగువారు తమతమ పేర్లను పోతపై ఉబ్బెత్తు అక్షరములుగా ముద్రించి అమ్మిరి. వీరిలో పెక్కురు ఇంజనీరింగు కళాశాల గడప తొక్కినవారు కారు.

వారి పనితీరును కొంచెము వివరింపవలసియున్నది. ఏలయన, ఈనాడు ఆ మేనిఫోల్డులను బాగుచేయువారి చిక్కులన్నియు నాటి పోతలోనే నిక్షిప్తములై యున్నవి. ముందుగా కొయ్యతో నమూనా చెక్కవలెను. అల్యూమినియము చల్లారునప్పుడు అడుగుకు అంగుళములో ఎనిమిదవ వంతుకు పైగా కుదించుకొనును గనుక, నమూనాను ఆమేరకు పెద్దదిగా చేయవలెను. రెండు చట్రములలో తడియిసుక దట్టించి దాని ముద్ర తీయుదురు. లోపలి మార్గములకై, అవిసెనూనెతో కలిపిన ఇసుకను ఆ మార్గముల ఆకృతిలోనే మలచి, పొయ్యిలో కాల్చి గట్టిపరచి, అచ్చులో నిలుపుదురు. పోతపనివారు దానిని కోరు అందురు. కరిగిన లోహము దాని చుట్టును పారి గడ్డకట్టిన పిమ్మట, లోపలి ఇసుకను కొట్టి రాల్చుదురు. కోరు ఒకింత ప్రక్కకు ఒరిగినచో గోడ ఒకవైపు దళసరి, మరొకవైపు పలుచన. చట్రముల అతుకువద్ద సన్నని గీత మిగులును. లోహములో వాయువు చిక్కినచో సూదిమొన బెజ్జములేర్పడును. చిన్న పోతశాలలలో, వారమునకు పది ఇరువది పోతలు తీయుచోట, ఏ రెండు మేనిఫోల్డులును అచ్చముగా ఒకటిగా నుండవు.

అల్యూమినియపు పోత ఆ నగరమున అంత సులభముగా లభించుటకు కారణము విమానపరిశ్రమ. శాంటా మోనికాలో డగ్లస్, బర్బాంక్‌లో లాక్‌హీడ్, హాథార్న్‌లో నార్త్‌రప్ కర్మాగారములుండగా, వాని చుట్టును పోతవారు, నమూనా చెక్కువారు, మరపనివారు అల్లుకొనియుండిరి. యుద్ధము వచ్చి ఈ పనివారినందరిని విమానములకును ఓడలకును మరలించెను. ఎడెల్‌బ్రాక్ కూడ ఓడల కర్మాగారమున వెల్డింగు చేసెను. ఆ సంవత్సరములలోనే నార్త్‌రప్ సంస్థలో రస్సెల్ మెరెడిత్, మెగ్నీషియపు రేకులను అతుకు ఉపాయము వెదకుచు, టంగ్‌స్టన్ పుల్లనుండి విద్యుజ్జ్వాలను పుట్టించి, దానిచుట్టు హీలియము వాయువును కవచముగా పారించు పద్ధతిని కనుగొని 1942లో పేటెంటు పొందెను. కరగిన లోహమునకు గాలి సోకనీయని ఆ వెల్డింగే, హీలియమునకు మారుగా ఆర్గాన్ వాయువుతో, ఇప్పటి మన దుకాణములలో ఆర్గాన్ వెల్డింగని వాడుకలోనున్నది. అది లేనిదే పగిలిన మేనిఫోల్డులకు పునర్జన్మ దుర్లభము.

ఆ యుద్ధకాలముననే మన తెలుగు జిల్లాలలో మేనిఫోల్డునకు వేరొక అవస్థ పట్టినది. ప్రసంగవశమున దానిని చెప్పక పోజాలను. పెట్రోలునకు రేషను విధింపగా బస్సుల వెనుక బొగ్గుకొలుములు వెలసినవి. కాలీకాలని బొగ్గునుండి పుట్టు వాయువును గొట్టముగుండ తెచ్చి, మేనిఫోల్డు ముఖమున గాలితో కలిపి ఇంజనునకు అందించిరి. బస్సు బలము క్షీణించుట ప్రయాణికులెరిగినదే. బూడిదయు తారును మేనిఫోల్డు లోపల గట్టిపొరలుగా పేరుకొనగా వానిని గోకి తీయుట మెకానికుల వంతయ్యెను. మద్రాసు, బొంబాయి, కలకత్తాలలో ఫోర్డు సంస్థకు కూర్పుశాలలుండుటచే, ఫోర్డు బండ్లు మనవైపునకు అపరిచితములు కావు. ఒకే తీరు పోతభాగమునకు కాలిఫోర్నియాలో రెండవ కార్బురేటరును, ఇచట బొగ్గుకొలిమియు తగిలించిరని తలచుకొనినచో నాకు నవ్వు వచ్చును.

యుద్ధానంతరము ఎడెల్‌బ్రాక్ 1946లో తొలి కేటలాగును అచ్చువేసెను. సైన్యమునుండి వెడలివచ్చిన యువకులు చేతిలో డబ్బు, చేతులలో పనితనము గలవారగుటచే గిరాకి పెరిగెను. 1948 జనవరిలో ఇట్టి బండ్లకై హాట్ రాడ్ అను పత్రిక వెలువడెను. 1949లో ఊటా రాష్ట్రపు బాన్‌విల్ ఉప్పునేలపై వీరి పందెములారంభమయ్యెను. ఆ వైభవము కొద్దికాలమే. 1953తో అమెరికాలో ఫోర్డు ఈ ఇంజనును విడిచిపెట్టెను. 1955లో షెవర్లే తేలికయైన 265 ఘనపుటంగుళముల వి-8ను తెచ్చెను. తలలో వాల్వులుగల ఆ ఇంజను ముందు, ప్రక్కవాల్వుల ఫోర్డునకు ఎన్ని కార్బురేటర్లు పెట్టినను ఫలము లేకపోయెను. మేనిఫోల్డులు షెడ్డుల అటుకులపైకి, కొట్టముల మూలలకు, పాతయినుము వాని తక్కెడలోనికి పోయినవి.

అట్లు పోయినవానిని వెదకి తెచ్చి బాగుచేయు పని, దశాబ్దముల అనంతరము, స్వతంత్రవృత్తిగా రూపొందినది. అటుకునుండి దిగిన మేనిఫోల్డు స్థితి శోచనీయము. పైని తెల్లని పొడి, లోపల నల్లని మసి, మరచుట్లుగల ఉక్కుకడ్డీలగు స్టడ్డులు సగము విరిగి రంధ్రములలోనే తుప్పుపట్టి బిగిసియుండును. ఉక్కును అల్యూమినియమును తడిలో జతపడియుండినచో అల్యూమినియమే క్షయించునని రసాయనశాస్త్రము చెప్పును; ఆ క్షయము మరచుట్ల నడుమ నిండి స్టడ్డును సిమెంటుకంటె గట్టిగా పట్టును. బలవంతముగా త్రిప్పినవాడు దానిని రంధ్రములోనే త్రుంచును. తెలిసినవాడు చుట్టును వెచ్చచేసి, మైనమును తాకించి, అది కరగి మరచుట్లలోనికి దిగువరకు వేచి, కొద్దికొద్దిగా ముందునకు వెనుకకు కదలించును. పాడైన మరచుట్లకు తీగచుట్టను తొడుగు ఉపాయమును యుద్ధకాలపు విమానములే ప్రచారములోనికి తెచ్చినవి.

శుభ్రపరచుటయందు మొదటి నిషేధము కాస్టిక్ సోడా. ఇనుప భాగములను ఆ మరుగునీటిలో ముంచుట ఇంజను దుకాణములలో అలవాటు. అల్యూమినియమును ముంచినచో ఉదజని బుసబుస పొంగి, లోహమే కరగిపోవును. తెలియని సహాయకుడొకడు తొట్టిలో రాత్రంతయు విడిచిన మేనిఫోల్డు ఉదయమునకు చిల్లుల జల్లెడ యగును. కిరసనాయిలు, కుంచె, ఓపిక చాలును. పిమ్మట పగులు వెదకవలెను. రంధ్రములన్నిటికి రబ్బరు పలకలు బిగించి, వేడినీటిలో ముంచి, లోనికి గాలి ఎక్కించినచో బుడగలు లేచినచోట లోపమున్నది. వెల్డింగునకు పూనుకొన్నప్పుడు ఎనుబదేండ్ల నూనె లోహపు సూక్ష్మరంధ్రములనుండి వెలువడి కరగిన మడుగును నలుపు చేయును. ఆ నల్లని వెల్డును గీకివేసి మరల వేయవలెను, మరల గీకవలెను. అల్యూమినియము కరగుటకు ముందు ఇనుమువలె ఎర్రబడి హెచ్చరింపదు. నిలుచున్నది నిలుచున్నట్లే కూలును.

తరువాతిది ముఖము చదును. చదునుపలకపై నీలిరంగు పూసి మేనిఫోల్డును దానిపై రుద్దినచో, ఎత్తులకు మాత్రము రంగంటును. పల్లములు తెల్లగా మిగులును. ఫోర్డు ప్రక్కవాల్వు ఇంజనున మేనిఫోల్డు ఒకే సమతలముపై కూర్చుండుట గొప్ప సౌకర్యము. తరువాతి వి-8లలో రెండు ఏటవాలు ముఖములుండుటచే, ఒకదానిని చెక్కినచో బోల్టురంధ్రములును గాలిమార్గములును జారిపోవును. ఇచట మిల్లింగు మరపై ఒక్క సన్నని పొర తీసినచో పని తీరును. ఈ చదును లేనిచో, గ్యాస్కెటు ప్రక్కనుండి పెట్రోలులేని వట్టి గాలి లోనికి చొరబడి, ఒకటి రెండు సిలిండర్లలో మిశ్రమము పలుచబడి, ఆగియున్న బండిలో తిరుగుచున్న ఇంజను కుంటినడక నడచును.

ఇంతవరకు మెకానికుల మధ్య భేదాభిప్రాయము లేదు. పై చర్మమువద్ద మాత్రము వారు రెండు వర్గములు. ఒకరు గాజుపూసలను గాలితో విసరి మేనిఫోల్డును వెండివలె తెల్లచేయుదురు, లేదా చక్రముపై నునుపుపెట్టి ముఖము కనబడునట్లు మెరయింతురు. రెండవవారు ఇసుక గరుకును, చట్రపుగీతను, కోరు ఒరిగిన వంకరను అట్లే నిలుపుదురు. నేను నిస్సంకోచముగా రెండవవారి పక్షము. నునుపుపెట్టిన మేనిఫోల్డు ఏ పోతశాలలో, ఏ నమూనానుండి, ఏ దశలో పుట్టినదో చెప్పగల సాక్ష్యమంతయు చక్రపు ధూళిలో పోవును. సంఖ్య కొలదియైన స్లింగ్‌షాట్‌కు ఆ సంస్థయే అనంతరకాలమున క్రొత్త పోతలు తీసియుండుటచే, పాతదానికిని క్రొత్తదానికిని భేదము చెప్పగలిగినది ఆ చర్మమే. గాజుపూసల విషయమున వట్టి పాండిత్యపు అభ్యంతరము మాత్రమే కాదు. లోపలి వంపులలో చిక్కిన ఒక్క పిడికెడు పూసలు ఇంజను తిరుగనారంభింపగానే సిలిండర్లలోనికి జారి, పిస్టను రింగులను అరగదీయును. పూసలు వాడినవాడు వేడినీటితో, కుంచెలతో, గాలితో అనేకమార్లు కడుగవలెను.

అన్నియు ముగిసి మేనిఫోల్డు మరల ఇంజనుపై కూర్చుండునప్పుడు, 1930ల నాటి పాత తగవు మరల లేచును: వేడిపొగ దారిని తెరచియుంచుటా, మూయుటా? పందెపు కుర్రవారు దానిని మూసిరి. ఈనాటి బండి పందెమునకు గాక ఆదివారపు విహారమునకు పోవునదగుటచే, తెరచుటయే యుక్తమని చలిరాష్ట్రములవారి వాదము. కాని నేటి పెట్రోలు నాటిదానికంటె తక్కువ వేడికే ఆవిరియగు స్వభావము గలది. వేసవిలో రహదారి ఎర్రదీపమువద్ద బండి నిలిచినప్పుడు కార్బురేటరు గిన్నెలోనే మరిగి పొంగి, ఇంజనును ఆర్పివేయును. అందుచే పెక్కురు మెకానికులు గ్యాస్కెటు నడుమ పలుచని లోహపుబిళ్లను బిగించి దారిని మూయుచున్నారు. మిగిలినవారు ఆ బిళ్లకు నడుమ చిన్న రంధ్రము తొలిచి, కొద్దిగా మాత్రము వేడిని లోనికి విడుచుచున్నారు.